నీరు మారితే చేప మారుతుంది

మృగశిర కార్తె ప్రవేశించే రోజున హైదరాబాదులో ఏ చేపల దుకాణం ముందు చూసినా జనమే జనం. ఏటా జూన్ 7నో 8నో వచ్చే ఆ రోజున చేపల కూర తినడం తెలంగాణలో పాత ఆచారం. ఎండలు తగ్గి వానలు మొదలయ్యే వేళ చేప ఒంటికి మంచిదని పెద్దలంటారు. పాతబస్తీలోని కార్వాన్‌కు బేగంబజారు చేపల మార్కెట్టు ఎంతో దూరం లేదు. కార్వాన్‌లో ఉండే మీ వయసు కుర్రవాడొకడు ఆ ఉదయం సంచి పట్టుకుని నాన్న వెంట ఆ మార్కెట్టుకు వెళ్ళాడనుకుందాం.

అక్కడ ఏమేం కనిపిస్తాయి? ఒక పక్క బొచ్చెలు, రవ్వలు కుప్పలుగా పోసి ఉంటాయి. ఇంకో పక్క తొట్టెలో జానెడు నీళ్ళలో నల్లని కొర్రమట్టలు మెలికలు తిరుగుతుంటాయి. మరో చోట మంచుముక్కల మధ్య చందువాలు, వంజరాలు, రొయ్యలు. అన్నీ ఒకే కప్పు కింద ఉన్నా ఇవి ఒకే ఊరివి కావు. చందువా పుట్టిన సముద్రం ఇక్కడికి 300 కిలోమీటర్లకు పైగా దూరం.

మన కుర్రవాడికి ఒక సందేహం వచ్చింది. "నాన్నా, చందువాలను తెచ్చి హిమాయత్‌సాగర్‌లో వదిలితే మన దగ్గరే పెరుగుతాయి కదా! అంత దూరం నుంచి మంచులో పెట్టి తేవడం ఎందుకు?"

మంచి ప్రశ్నే. జవాబు తెలియాలంటే కార్వాన్ నుంచి సముద్రం దాకా ఒక ప్రయాణం చెయ్యాలి. కార్వాన్ అంటే బిడారు అని అర్థం. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకూ నగరానికీ నడుమ వర్తకుల బిడారులు ఇక్కడ దిగేవి. వజ్రాల బేరాలు ఇక్కడ సాగేవి. మనమూ ఇక్కడి నుంచే బయలుదేరదాం. మనకు దారి చూపేది కార్వాన్ పక్కనే పారే మూసీ నది.

మూడంతస్తుల ఇల్లు

ముందుగా కాస్త ఎగువకు పోయి చూద్దాం. మూసీ వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో పుడుతుంది. నగరానికి రాకముందే దానికి ఉస్మాన్‌సాగర్ అడ్డుకట్ట ఉంది. దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ ఉంది. 1908 సెప్టెంబరులో మూసీకి వచ్చిన భయంకరమైన వరదలో వేలమంది చనిపోయారు. అటువంటి ప్రమాదం మళ్ళీ రాకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహాపై ఈ జలాశయాలు కట్టారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. తెలంగాణ నిండా ఇటువంటి నిలువ నీళ్ళు ఎన్నో. చిన్నా పెద్దా కలిపి 46 వేలకు పైగా చెరువులున్నాయి. గంగపుత్రులు, ముదిరాజులు తరతరాలుగా వాటిలో చేపలు పట్టి బతుకుతున్నారు.

చెరువును మూడంతస్తుల ఇల్లు అనుకోండి. పై అంతస్తులో బొచ్చె ఉంటుంది. దాని పెద్ద నోరు పైకి తెరుచుకుని ఉంటుంది. నీటి పైభాగంలో తేలే కంటికి కనబడని చిన్న చిన్న ప్రాణులను, అంటే జంతు ప్లవకాలను, నీటితోపాటు మింగి మొప్పల దగ్గర వడగట్టుకుంటుంది. నడి అంతస్తు రవ్వది. కోస్తా జిల్లాల్లో దీన్నే శీలవతి అంటారు. దీని పెదవులకు అంచు కుట్టినట్టు కుచ్చులుంటాయి. వాటితో నాచును, మొక్కల భాగాలను గీకి తింటుంది. కింది అంతస్తులో ఎర్రమోసు ఉంటుంది. దాని నోరు కిందికి వంగి ఉంటుంది. అడుగున బురదలో కుళ్ళే ఆకులూ అలములే దాని ఆహారం. ఒకరి కంచంలో ఒకరు చెయ్యి పెట్టరు కాబట్టి మూడు రకాలనూ ఒకే చెరువులో పెంచవచ్చు. ఈసారి మార్కెట్టుకు వెళ్ళినప్పుడు చేప నోరు చూడండి. అది ఏ అంతస్తుదో మీరే చెప్పగలరు.

అయితే ఈ మూడు చేపలకూ ఒక చిక్కుంది. చెరువులో ఇవి పెరుగుతాయి గాని, మామూలుగా గుడ్లు పెట్టవు. వానాకాలంలో పొంగి పారే నదీ జలాలు కావాలి. పూర్వం వరద రోజుల్లో నదుల నుంచి చేపపిల్లలను ఏరి తెచ్చి చెరువుల్లో వదిలేవారు. అందులో పనికిరాని జాతుల పిల్లలూ కలిసి వచ్చేవి. ఈ చిక్కును విప్పినది 1957 జూలై 10. ఆనాడు ఒడిశాలో హీరాలాల్ చౌధురి, అలీకున్హి అనే శాస్త్రజ్ఞులు చేప తలలోని పీయూష గ్రంథి నుంచి తీసిన రసాన్ని తల్లి చేపలకు సూదిమందుగా ఇచ్చి, నిలువ నీటిలోనే గుడ్లు పెట్టించారు. వరద వచ్చిందని శరీరానికి కబురు చెప్పేది ఆ గ్రంథి రసమే. శాస్త్రజ్ఞులు ఆ కబురును సూదితో పంపారన్నమాట. అందుకే మన దేశంలో ఏటా జూలై 10న జాతీయ మత్స్య రైతుల దినోత్సవం జరుపుకుంటారు. ఇలా పుట్టించిన పిల్లలనే నేడు చెరువుల్లో వదులుతున్నారు. తెలంగాణ ప్రభుత్వం చెరువులకు ఉచితంగా చేపపిల్లలను ఇచ్చే పథకాన్ని 2016లో మొదలుపెట్టింది.

గాలి పీల్చే చేప

తొట్టెలోని కొర్రమట్ట సంగతి వేరు. జానెడు నీళ్ళలో అన్ని చేపలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నా బతికే ఉన్నాయేమని అడిగితే, చేపలమ్మే అవ్వ నవ్వి, "అది ఉత్త నీళ్ళతోని బతకదు బిడ్డా, మీదికి వచ్చి గాలి పీల్చుకపోతది" అంటుంది. ఆమె మాట శాస్త్రానికి సరిపోతుంది. కొర్రమట్టకు మొప్పలతోపాటు, వాటికి పైన తలలో గాలి పీల్చుకునే గదులున్నాయి. మాటిమాటికి నీటిపైకి వచ్చి నోటితో గాలి అందుకుంటుంది. పైకి రాకుండా అడ్డుకుంటే నీటిలో ఉండి కూడా ఊపిరాడక చస్తుంది!

ఎండాకాలంలో చెరువు ఎండి బురద మిగిలినా ఇది కొన్నాళ్ళు ఓర్చుకోగలదు. బొచ్చెలా వరద కోసం ఎదురుచూడదు. చెరువు అంచున గడ్డీ గాదం తొలగించి గూడు లాంటి చోటు చేసుకుని అక్కడే గుడ్లు పెడుతుంది. ఎర్రని పిల్లలు గుంపుగా నీటిపైన తిరుగుతుంటే తల్లిదండ్రులు కిందనే ఉండి కాపలా కాస్తాయి. ఆ సమయంలో కాపలా చేపను గాలానికి తగిలిస్తే పట్టినది ఒక చేప, పోయినది ఒక సంసారం. పిల్లల గుంపు కనిపించిన చోట వల వెయ్యకూడదని అనుభవమున్న బెస్తలు చెప్పేది అందుకే.

నగరం మధ్య మూసీ

ఇక నదితోపాటు దిగువకు సాగుదాం. లంగర్‌హౌజ్ దాటి, కార్వాన్, జియాగూడలను ఒరుసుకుని, 1578లో కట్టిన పురానాపూల్ కిందుగా మూసీ నగరంలోకి ప్రవేశిస్తుంది. ఇక్కడ ఒక విచారకరమైన విషయం చెప్పక తప్పదు. ఇంత పెద్ద నది పక్కనే ఉన్నా కార్వాన్‌లో తినే చేప ఈ నదిలోది కాదు.

కారణం ప్రాణవాయువు, అంటే ఆక్సిజన్. ఒక లీటరు గాలిలో దాదాపు 200 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. ఒక లీటరు శుభ్రమైన నీటిలో, 30 డిగ్రీల వేడిమి వద్ద, కరిగి ఉండేది 5 మిల్లీలీటర్లే. చేప ఆ కొద్దిపాటితోనే బతకాలి. నగరపు మురుగు నదిలో కలిస్తే దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు కోట్లకొద్దీ పెరుగుతాయి. అవి కూడా ఊపిరి తీసుకోవాలి కదా! ఉన్న ఆక్సిజన్ అంతా అవే వాడేసుకుంటాయి. బొచ్చె, రవ్వ వంటివి ఊపిరాడక చనిపోతాయి. గాలి పీల్చగల మొండి చేపలు కొన్ని మిగిలినా, కర్మాగారాల వ్యర్థాలు కలిసిన నీటిలో పెరిగిన చేపలో విషలోహాలు చేరతాయి. తినడానికి అది పనికిరాదు. నదిని చంపడానికి విషమే పోయనక్కరలేదు, మన ఇళ్ళ మురుగు చాలు. మూసీని శుభ్రం చెయ్యడమంటే ముందుగా మురుగు అందులో కలవక మునుపే శుద్ధి చెయ్యడమే.

పుట్టి మీద కృష్ణమ్మ

మూసీ దాదాపు 240 కిలోమీటర్లు పారి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణానదిలో కలుస్తుంది. ఇక్కడ నీరు లోతు, ప్రవాహం జోరు. చెరువులో నడుము లోతున నిలబడి విసురు వల వేసినట్టు ఇక్కడ కుదరదు. అందుకని జాలరులు పుట్టి ఎక్కుతారు. వెదురు బద్దలతో బుట్టలా అల్లి, అడుగున నీరు చొరని పొర కప్పిన గుండ్రటి పడవే పుట్టి. దానికి ముందూ వెనకా లేవు. ఏ వైపుకైనా తిరుగుతుంది. బరువు తక్కువ కాబట్టి ఒక్కడే నెత్తిన పెట్టుకుని మోసుకుపోగలడు.

నదిలోనూ, జలాశయాల్లోనూ ఎక్కువగా వాడేది నిలువు వల. పైన తేలే బెండ్లు, కింద బరువులు కట్టి నీటిలో గోడలా నిలబెడతారు. చేప తల దూరుస్తుంది, ఒళ్ళు దూరదు. వెనక్కి లాగుకోబోతే మొప్పల దగ్గర దారం చిక్కుకుంటుంది. ఇక్కడ ముఖ్యమైనది వల కన్ను. కన్ను పెద్దదైతే చిన్న చేప దూరి వెళ్ళిపోతుంది, పెద్దదే చిక్కుతుంది. దోమతెర వంటి వల వేస్తే వేలెడు పిల్లలు కూడా రాలిపోతాయి. కిలో బరువున్న తల్లి రవ్వ ఒక్క కారులో 2 లక్షల దాకా గుడ్లు పెట్టగలదు. అది 100 గ్రాములున్నప్పుడే పట్టేస్తే ఆ రోజు దొరికేది పిడికెడు చేప, రేపటికి పోయేది లక్షల గుడ్లు.

కొల్లేటి దారిలో

కృష్ణ విజయవాడ చేరేసరికి ప్రకాశం బ్యారేజీ అడ్డు వస్తుంది. 19వ శతాబ్దంలో కట్టిన పాత ఆనకట్ట 1952లో తెగిపోగా, దాని బదులు 1957లో ఈ బ్యారేజీ వచ్చింది. ఇక్కడి నుంచి కాలువల్లో పారే నీరు డెల్టా పొలాలను తడుపుతుంది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్నది కొల్లేరు సరస్సు. అక్కడి జాలరులకు దోనెలే కాళ్ళు. వెదురుతో అల్లిన మావులను గడ్డిలో దాచి పెడతారు. మావు నోరు లోపలికి సన్నబడుతుంది. లోపలికి దూరిన చేపకు బయటికి దారి దొరకదు.

మృగశిర రోజున హైదరాబాదులో కనిపించే బొచ్చెలూ రవ్వల్లో చాలా భాగం కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు చెరువుల్లో పెంచినవే. అక్కడి చేప మంచు పెట్టెల్లో కలకత్తా దాకా, అస్సాం దాకా వెళుతుంది. చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే దేశంలో మొదటి స్థానం. అయితే ఈ లాభానికి మరో పక్క ఉంది. చేపల చెరువుల గట్లు సరస్సు లోపలికే పాకాయి. నీటి నడకకు అడ్డం పడ్డాయి. కొల్లేరును 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. 2006లో సరస్సులోని ఎన్నో గట్లను తొలగించారు. సరస్సు బతకాలి, దాని మీద బతికేవారూ బతకాలి. ఆ రెండింటికీ పొత్తు కుదర్చడం ఇంకా తీరని సమస్యే.

ఉప్పు కలిసే చోట

కృష్ణ పులిగడ్డ దగ్గర పాయలుగా చీలి, హంసలదీవి వైపు పారి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఇప్పుడు మన కుర్రవాడి ప్రశ్నకు జవాబు చెప్పే చోటికి వచ్చాం.

సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. మామూలు చేపల రక్తంలో ఉండేది అందులో మూడో వంతు మాత్రమే. మంచినీటిలోనైతే లవణాలు లేనట్టే. పలుచని పొరకు అటూ ఇటూ వేరువేరు చిక్కదనం గల ద్రావణాలుంటే, నీరు పలుచని వైపు నుంచి చిక్కని వైపుకు పోతుంది. దీన్నే ద్రవాభిసరణం అంటారని మీరు బడిలో చదువుకుని ఉంటారు. మంచినీటి చేపకు బయటి నీరు పలుచన, లోపలి రక్తం చిక్కన. కాబట్టి మొప్పల గుండా నీరు లోపలికి చొరబడుతూనే ఉంటుంది. అది నీరు తాగనక్కరలేదు, పైగా చాలా మూత్రం పోస్తూ ఎక్కువైన నీటిని తోడెయ్యాలి. సముద్రపు చేపకు అంతా తలకిందులు. దాని ఒంట్లో నీరు బయటికి పోతూ ఉంటుంది. నీటిలోనే ఉండి అది దాహంతో అలమటిస్తుంది! అందుకే ఉప్పునీరు తాగి, ఆ ఉప్పును మొప్పల్లోని ప్రత్యేక కణాలతో బయటికి తోసేస్తుంది.

చందువాను తెచ్చి హిమాయత్‌సాగర్‌లో వదిలితే ఏమవుతుందో ఇక చెప్పనక్కరలేదు. ఉప్పును బయటికి తోసే శరీరమే గాని, నీటిని తోడే శరీరం కాదు దానిది.

రెండు పనులూ నేర్చిన చేపలు కొన్నే. సముద్రంలో ఇలస అనిపించుకునే చేప వరద రోజుల్లో గోదావరిలోకి ఎదురీది పులస అవుతుంది. గుడ్లు పెట్టడానికే దాని ప్రయాణం. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర దాని దారి ఆగిపోతుంది. టైగర్ రొయ్య కథ దీనికి ఎదురు. సముద్రంలో పుట్టి, పిల్లగా ఉన్నప్పుడు నదీముఖాల్లోని మడ అడవుల్లోకి వస్తుంది. మడచెట్ల వేళ్ళ సందుల్లో దాక్కుని పెరిగి, మళ్ళీ సముద్రం చేరి గుడ్లు పెడుతుంది. మడ అడవి నరికితే కట్టెలే కాదు, సముద్రంలో పట్టబోయే రొయ్యలు కూడా పోయినట్టే.

కడలి ముంగిట

తెలుగు తీరం దాదాపు వెయ్యి కిలోమీటర్ల పొడవు. వాడబలిజలు, జాలరులు, పట్టపువారు, అగ్నికుల క్షత్రియులు ఈ తీరం పొడవునా ఉన్నారు. దుంగలు కట్టిన తెప్ప, నావ, మరపడవ - దేని పని దానిదే. అలల మీద తెప్ప మునగదు. నీరు పైకి వచ్చినా దుంగల సందుల్లోంచి జారిపోతుంది. ఒడ్డుకు దగ్గరలో అలివి వలను అర్ధచంద్రాకారంగా వేసి, రెండు చివర్లనూ ఊరంతా పట్టి లాగుతుంది. దూరాన మరపడవలు సంచి లాంటి వలను నీటిలో ఈడ్చుకుపోతాయి. ఈ సంచి వల మంచీ చెడూ, పిల్లా తల్లీ చూడకుండా అన్నింటినీ ఊడ్చుకొస్తుంది.

తీరం దగ్గరే చేపలు ఎక్కువెందుకో తెలుసా? నదులు మోసుకొచ్చే సారం వల్ల. లోతు తక్కువ కాబట్టి సూర్యరశ్మి అందుతుంది. ఎరువూ వెలుగూ దొరికి వృక్ష ప్లవకాలు పెరుగుతాయి. వాటిని జంతు ప్లవకాలు, వాటిని కవళ్ళు, కవళ్ళను వంజరాలు తింటాయి. మూసీలో కలిసినదంతా, మంచైనా చెడైనా, చివరికి చేరేది ఈ పంక్తి భోజనానికే.

అరవై ఒక్క రోజుల విరామం

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవలు వేటకు వెళ్ళకూడదు. ఎన్నో జాతులు గుడ్లు పెట్టే కాలమది. 2015కు ముందు ఈ విరామం 47 రోజులే ఉండేది. యంత్రం లేని సంప్రదాయ పడవలకు ఈ నిషేధం వర్తించదు. మృగశిర కార్తె ఈ విరామంలోనే వస్తుందని గమనించారా? కాబట్టి ఆ రోజున తాజా సముద్రపు చేప అరుదు.

రెండు నెలలు పడవ ఎక్కకపోతే జాలరి ఇల్లు ఎలా గడుస్తుంది? అది చిన్న కష్టం కాదు. అందుకే ఆ రోజులకు ప్రభుత్వాలు భృతి ఇస్తున్నాయి. మరి విరామమే లేకపోతే? దానికి జవాబు ఉత్తర దేశమైన కెనడా చెబుతుంది. అక్కడి న్యూఫౌండ్‌లాండ్ తీరం కాడ్ చేపకు దాదాపు 500 ఏళ్ళు పేరు పొందింది. మంచు నీళ్ళలో కాడ్ నెమ్మదిగా పెరుగుతుంది. గుడ్లు పెట్టే ఈడు రావడానికి ఐదారేళ్ళు పడుతుంది. పెద్ద పెద్ద ఓడలు వచ్చి 1968లో ఒక్క ఏడాదే దాదాపు 8 లక్షల టన్నులు పట్టాయి. కొన్నాళ్ళకు వలలు ఖాళీగా రాసాగాయి. 1992 జూలై 2న ప్రభుత్వం కాడ్ వేటను ఆపేసింది. దాదాపు 30 వేలమంది పని పోయింది. రెండేళ్ళు ఆగితే చాలనుకున్నారు. కొద్దిపాటి వ్యాపార వేటకు మళ్ళీ తలుపు తెరవడానికి 2024 దాకా, అంటే 32 ఏళ్ళు పట్టింది. 61 రోజులు ఆగడం కష్టమే, కాని 32 ఏళ్ళు ఆగడం ఎంత కష్టమో ఆలోచించండి.

మన రవ్వకు రెండేళ్ళకే గుడ్లు పెట్టే ఈడు వస్తుంది. మన వెచ్చని నీళ్ళు మనకిచ్చిన వరం అది. చేపకు ఒక్కసారైనా గుడ్లు పెట్టే అవకాశం ఇస్తే చెరువైనా, నదైనా, సముద్రమైనా మళ్ళీ నిండుతుంది. ఆ అవకాశం ఇచ్చేవి మూడు: పెద్ద కన్ను వల, గుడ్ల కాలంలో విరామం, శుభ్రమైన నీరు. మొదటి రెండూ జాలరి చేతిలో ఉన్నాయి. మూడోది కార్వాన్‌లో ఉన్నవారితో సహా మనందరి చేతిలో ఉంది.

మీరే చేసి చూడండి

ఒక బంగాళాదుంపను రెండు పలుచని బిళ్ళలుగా కొయ్యండి. రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోసి, ఒక దానిలో మూడు చెంచాల ఉప్పు కలపండి. గ్లాసుకొక బిళ్ళ వేసి రెండు గంటలు ఉంచండి. తరువాత తీసి వంచి చూడండి. మంచినీటిలోది బిర్రుగా ఉంటుంది. ఉప్పునీటిలోది మెత్తబడి వాలిపోతుంది. ఏ బిళ్ళలోకి నీరు పోయింది, ఏ బిళ్ళలోంచి బయటికి వచ్చింది? ఇప్పుడు ఆలోచించండి: రవ్వను తీసుకెళ్ళి సముద్రంలో వదిలితే ఏమవుతుంది?